ఓరెస్తె తోటలో చక్రవర్తి బావమరిది

ఓరెస్తెకు మోకాలి చిప్ప మార్చిన ఆసుపత్రివాళ్లు మంచివాళ్లే. కానీ మత్తుమందు ఇచ్చి పడుకోబెట్టినవాళ్లు, ఎలాగూ పనిముట్లు చేతిలోనే ఉన్నాయి కదా అని, ఇంకొక చిన్న మరమ్మతు కూడా చేసి పంపి ఉంటే ఎర్సీలియా వాళ్లను జన్మలో మరిచిపోయేది కాదు. "నాది తప్పు" అనడానికి మనిషి నాలుక ఎటు తిరగాలో అటు ఆమె భర్త నాలుక తిరగదు. నలభై నాలుగేళ్ల కాపురంలో ఒక్కసారీ తిరగలేదు. పెళ్లైన కొత్తలో, మేనమామ కూతురి పెళ్లికని ఆమెను వేరే ఊరి చర్చికి తీసుకువెళ్లి, ముక్కూ మొహం తెలియని పెళ్లికూతురి మీద బియ్యం చల్లించాడు. బయటికి వచ్చాక తప్పు చర్చిదేనన్నాడు. రెండూళ్ల చర్చిలకూ ఒకే పునీతుడి పేరు పెడితే మనిషి ఏం చేస్తాడట? మరొకసారి కారు తీసుకువెళ్లి గోడకు రాసినప్పుడు తప్పు గోడది. "నిన్న ఇంత దగ్గరగా లేదు" అన్నాడు.

అలాంటి మనిషికి వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు. భోజనం దగ్గర కూర్చుని రొట్టెను ముక్కలు ముక్కలుగా తుంచుతాడు, తినడు. పేకాటకు వెళ్లడు. ఎర్సీలియా చేసిన పులుసులో ఏం తగ్గిందో చెప్పడు. ఇంత మర్యాద ఆ ఇంట్లో మునుపెన్నడూ లేదు. ఆమెకు భయం వేసింది.

విషయం ఇది. మోంతెలారో ఊరి చివర, కొండవాలు మీద, రోమన్ల నాటి పెద్ద విడిది ఇల్లు ఒకటి శిథిలమై ఉంది. దాని కంచెను ఆనుకునే ఓరెస్తె ఆలివ్ తోట. నలభై రెండు చెట్లు. పంతొమ్మిది వందల యాభై ఆరు ఫిబ్రవరిలో కురిసిన మంచుకు ఊళ్లో చెట్లన్నీ మాడి చచ్చిపోతే, ఆ మరుసటి వసంతంలో ఓరెస్తె తండ్రి గిస్మొందో తన చేత్తో నాటినవి. తోట దున్నినప్పుడల్లా చెట్ల మొదళ్ల దగ్గర పాతకాలపు పెంకు ముక్కలు పైకి వస్తుండేవి. ఇంకొకరైతే ఏరి గట్టవతల పారేసేవారు. ఓరెస్తె వాటిని జేబులో వేసుకుని బార్‌కు తీసుకువెళ్లాడు. పేకముక్కల మధ్య పరిచి, ఆ ఇంటి స్నానాల గది తన తోట కిందకు కూడా ఉందని ప్రకటించాడు. మూడో ఏటికి స్నానాల గది విందుశాల అయింది. పదో ఏటికి ఆ ఇల్లు చక్రవర్తి బావమరిదిది అయింది. చక్రవర్తికి బావమరిది ఉన్నట్టు ఎవరికీ తెలియదు. బావమరిది లేని పదవి ఈ దేశంలో ఎక్కడుందో చూపించమనేవాడు ఓరెస్తె.

అది అక్కడితో ఆగినా బాగుండేది. ఏడేళ్ల కిందట పురావస్తు శాఖకు మూడు పేజీల ఉత్తరం రాశాడు. చెప్పుల పెట్టె నిండా పెంకులు పెట్టి దారం కట్టాడు. తీసుకువెళ్లి పోస్టులో వేసింది ఎర్సీలియాయే. ప్రభుత్వ కార్యాలయానికి ఉత్తరం రాస్తే జవాబు వస్తుందని ఊళ్లో బుద్ధి ఉన్నవాళ్లెవరూ అనుకోరు. ఆమె ధైర్యం కూడా అదే.

జవాబు వచ్చింది.

గత సోమవారం శాఖవాళ్లు తోటలోకి దిగి, నేల మీద కనిపించిన ప్రతి పెంకుకూ కాగితం మీద ఒక చుక్క పెట్టి, కింది వరుసలో పదకొండు చెట్లకు నారింజ రంగు రిబ్బన్లు కట్టి వెళ్లారు. ఇల్లు నిజంగా తోట కిందకు ఉన్నట్టు తేలితే అక్కడ కందకాలు తవ్వుతారు. పదకొండు చెట్లూ పోతాయి. అవి తోటలోకెల్లా బాగా కాసే చెట్లు. ఇంట్లోకీ కూతురింటికీ ఏడాది పొడుగునా వచ్చే నూనె సగం వాటిదే. కాయ కోతకు ఇంకా వారమే ఉంది. వలలు ఉతికి ఆరవేసి ఉన్నాయి.

ఎర్సీలియాకు నిజం తెలుసు. మామగారు గిస్మొందో, ఆయన ఆఖరి చలికాలంలో, పొయ్యి దగ్గర కూర్చుని వాల్‌నట్‌లు పగలగొడుతూ ఆమెకు చెప్పాడు. ఆ తోటది బంకమట్టి. నీళ్లు నిలిస్తే ఆలివ్ వేళ్లు కుళ్లిపోతాయి. అందుకని చేతి లోతు గొయ్యి తీసి, అడుగున పెంకులు పరిచి, పైన మట్టి పోసి మొక్క నాటాలి. పెంకులు ఎక్కడివి? ఎదురుగా ఆ పాడుబడ్డ ఇంటి గుట్ట. ఆ రోజుల్లో దానికి కంచె లేదు, కాపలా లేదు, మేకలు ఉండేవి.

ఈ మాట ఆమె అప్పుడే భర్తకు చెప్పింది. "నాన్నకు మతి తప్పింది, ఏదేదో అంటున్నాడు" అన్నాడు ఓరెస్తె. ఆమె మళ్లీ ఎత్తలేదు. బార్‌లో కూర్చుని చక్రవర్తి గురించి చెప్పే మగవాడు వంటింట్లోకి వచ్చి గిన్నెల మూతలు ఎత్తి చూడడు. ఏ ఇల్లాలైనా ఆ మాత్రం లెక్క చూసుకుంటుంది.

కానీ రిబ్బన్లు కట్టిన రోజు మాత్రం మళ్లీ ఎత్తింది.

"ఆ పెంకులు మామయ్య వేసినవని వెళ్లి చెప్పెయ్యి, ఓరెస్తె."

"చెప్పి? పోయిన మనిషిని దొంగను చెయ్యమంటావా? అది సర్కారు సొత్తు."

"మరి చెట్లు?"

"నువ్వు మాట్లాడకు. ఆవిడ ముందు నోరు విప్పావంటే చూడు."

ఆవిడంటే పురావస్తు శాఖ డాక్టర్ తుల్లియా. మనుషులకు కాదు, గోడలకు డాక్టరు. ఆమె నిన్న ఫోన్ చేసింది. రేపు పదింటికి శిథిలాల దగ్గరకు రండి, అలా నడుచుకుంటూ తోట దాకా వెళదాం, నేను సాయంత్రం లోగా నా నిర్ణయం రాసి పంపాలి అంది. మోకాలికి వ్యాయామం చేయించే అమ్మాయి కూడా, చదును నేల మీద అరగంట నెమ్మదిగా నడవమని చెప్పి ఉంది. ఒకే నడకతో రెండు పనులు. ఎర్సీలియా ఆకుకూర వేసి గుడ్డు అట్టు చేసి, రొట్టెల మధ్య పెట్టి, కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది. తీర్పు ఎటు వచ్చినా పదకొండున్నరకు ఆకలి వేస్తుంది.

గేటు దగ్గర తాళాల గుత్తితో నెల్లో నిలబడి ఉన్నాడు. శిథిలాలకు కాపలాదారు, ఓరెస్తెకు పేకాట జోడీ, ఒక చెవి పూర్తిగానూ రెండోది సగమూ వినపడదు. అందుకని లోకమంతా చెవిటిదన్నట్టు అరుస్తాడు.

"ఏం ఓరెస్తె! వారమైంది నీ మొహం చూసి! బావమరిదిగారింటికి భోజనానికొచ్చావా?"

ఓరెస్తె కర్రను రెండో చేతికి మార్చుకున్నాడు.

"మోకాలేనా తీసింది, నాలుక కూడా తీశారా?" అని అరిచాడు నెల్లో.

"నేను అడిగి చూశాను, తియ్యలేదు" అంది ఎర్సీలియా.

డాక్టర్ తుల్లియా లోపల్నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి, బూట్ల నిండా మట్టి, జడలో పెన్సిలు. ఓరెస్తె చెయ్యి పట్టుకుని ఊపి, "మెల్లగా వెళదాం. నాకూ నడుం నొప్పే" అంది. ఆ మాటకు ఎర్సీలియాకు ఆమె మీద సదభిప్రాయం కలిగింది.

దారి నిజంగానే తేలిక. మోకాలెత్తు గోడల మధ్య గడ్డి, గడ్డి మధ్య కంకర బాట. అక్టోబరు ఎండ వెచ్చగా వీపు మీద పడుతోంది. ముందున్న భోజనాల గదిలో నెల్లో బకెట్‌తో నీళ్లు చల్లాడు. బూడిదరంగు దుమ్ము కింద నల్లరాళ్లూ తెల్లరాళ్లూ తేలి, ఒక ద్రాక్షతీగ, దాని మీద వెనక్కి తిరిగి చూస్తున్న పిట్ట ప్రత్యక్షమయ్యాయి.

"అందంగా ఉంది కదూ?" అంది డాక్టరు.

"ఈ రాళ్ల సందుల్లో చిక్కుకున్న రొట్టెపొడి ఎలా తీసేవారు?" అంది ఎర్సీలియా.

"పనివాళ్లుండేవాళ్లు."

"అదే అనుకున్నా. నేల తుడిచే మనిషి ఎంచుకున్న గచ్చు కాదిది."

వంటగది అక్కడికి నలభై ఆరు అడుగుల దూరం. ఎర్సీలియా అడుగులు లెక్కపెట్టింది. సూప్ బల్ల దగ్గరికి వచ్చేసరికి చల్లారిపోయి ఉంటుంది. సామ్రాజ్యం ఎందుకు పడిపోయిందని పుస్తకాల్లో ఏమేమో రాస్తారు గాని, వచ్చి వంటగది చూసినవాడు లేడు.

ఇదే వేరే రోజైతే ఈ వివరాలన్నీ ఓరెస్తె చెప్పేవాడు. కనిపించిన యాత్రికుడినల్లా పట్టుకుని, ఇది పడకగది, ఇక్కడే బావమరిది కాలు జారి పడ్డాడు అని చెప్పిన మనిషి. ఇవాళ కర్ర చివరతో కంకర కెలుకుతూ వెనకే వస్తున్నాడు. నూనె గానుగ గది దగ్గర ఒక్కసారి ఆగాడు. గుండ్రటి గానుగ రాయి సగం మట్టిలో దిగి ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి, కంచె అవతల కనిపిస్తున్న తన చెట్లను చూశాడు. ఆకుల మధ్య కాయలు సగం పచ్చగా, సగం ఊదారంగుకు తిరిగి ఉన్నాయి. రిబ్బన్లు గాలికి రెపరెపలాడుతున్నాయి.

"రెండువేల ఏళ్ల నుంచీ ఇక్కడ అదే పని" అంది డాక్టరు.

ఓరెస్తె మొహం తిప్పుకున్నాడు. ఆ చూపు ఎర్సీలియా ఎరుగును. మామగారిని మట్టి చేసి వచ్చిన రోజు ఇలాగే చూశాడు. ఇంతసేపూ లోపల్లోపల వేడుక చూస్తున్న ఆమెకు ఆ వేడుక పోయింది. ఉత్తరం పోస్టులో వేసిన చెయ్యి తనదే.

స్నానాల గది ఆఖరున ఉంది. గచ్చు కింద పొయ్యి పొగ తిరగడానికి కట్టిన చిన్న చిన్న ఇటుక స్తంభాలు, వరుసలు వరుసలుగా. డాక్టర్ తుల్లియా గోడ మీద పటం పరిచి, మూలల మీద రాళ్లు పెట్టింది. తోట పటం. దాని మీద ఎర్ర చుక్కలు.

"ఇవి మేము ఏరిన పెంకులు. ఇంటి పైకప్పు పెంకులే, అనుమానం లేదు. ఈ గోడ ఇలాగే మీ తోటలోకి సాగిందని నాకు అనిపిస్తోంది. కానీ ఒక్కటి కొరుకుడు పడటం లేదు."

ఎర్సీలియా కళ్లజోడు పెట్టుకుని వంగింది. పళ్లెంలో బిస్కట్లు పేర్చినట్టు ఉన్నాయి చుక్కలు. ఒక గుంపు, కాస్త ఖాళీ, మళ్లీ గుంపు. అన్నీ ఒకే దూరంలో, గుండ్రంగా. నోరు విప్పవద్దని భర్త చెప్పాడు. ప్రశ్న అడగవద్దని చెప్పలేదు.

"డాక్టరుగారూ, వాళ్లు గదులు గుండ్రంగా కట్టుకునేవాళ్లా?"

"లేదండీ."

"ఒక్కో గది మధ్యలో ఒక్కో చెట్టు పెంచుకునేవాళ్లా?"

డాక్టరు జడలోంచి పెన్సిలు తీసి చెవి గోక్కుంది. "నాకు కొరుకుడు పడనిది అదే. వేళ్లు పెంకుల్ని పైకి తోస్తున్నాయేమో అనుకున్నాం. లేకపోతే నాటినప్పుడే ఏదో జరిగుండాలి. ఆ చెట్లు ఎలా నాటారో తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే, నేను కందకం తవ్వక్కర్లేదు. అలాంటివాళ్లు లేరనుకోండి, తవ్వి చూడ్డం తప్ప వేరే దారి లేదు."

ఇటుక స్తంభాల మధ్య ఒక బల్లి ఎండ కాచుకుంటోంది. ఎర్సీలియా సంచి పట్టుకుని ఆ బల్లినే చూస్తూ నిలబడింది. తాను చెప్పేస్తే క్షణంలో తేలిపోతుంది. కానీ ఆమె చెప్పిన మాటను ఓరెస్తె అక్కడికక్కడే ఖండిస్తాడు. ఆ తరువాత ఆ ఖండించిన మాటకే ప్రాణమున్నంతవరకు కట్టుబడతాడు. చెట్లు పోయినా సరే.

ఓరెస్తె గోడ మీద కూర్చున్నాడు. కొత్త మోకాలు నిమురుకున్నాడు.

"ఒక్కమాట అడుగుతా డాక్టరుగారూ. ఊరికే అడుగుతున్నా. అరవై, డెబ్భై ఏళ్ల కిందట ఎవరో ఒకాయన... మా వాడు కాదు, ఎవరో... ఇక్కడ పడున్న పెంకులు నాలుగు తీసుకెళ్లాడనుకోండి. ఇప్పుడది బయటపడితే ఆయన పేరు ఎక్కడైనా రాస్తారా?"

డాక్టర్ తుల్లియా అతనికేసి చూసింది. తరువాత నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదు.

"మీ చర్చి గంటల గోపురం ఎప్పుడైనా దగ్గరగా చూశారా? కింది మూడు వరుసలు ఈ ఇంటి ఇటుకలే. మీ సంత దగ్గర నీళ్ల తొట్టి ఇక్కడి రాతి శవపేటిక. ఇక నెల్లోగారి కోళ్ల గూడైతే..."

"నా కోళ్ల గూడు మా తాత కట్టాడు!" అని అరిచాడు నెల్లో. అవసరమైన మాట అతనికి ఎప్పుడూ వినిపిస్తుంది.

"మీ తాతగారు పాలరాయితోనే కట్టారు. పేర్లు రాయాలంటే ఊరంతటి పేర్లూ రాయాలండీ. ఆ రోజుల్లో ఇది రాళ్ల గుట్ట. బతకడానికి వాడుకున్నారు. నేనొచ్చింది గోడల కోసం, పోయినవాళ్ల మీద కేసులు పెట్టడానికి కాదు."

ఓరెస్తె కర్రతో నేల మీద ఒక గుండ్రం గీశాడు.

"ఇంత గొయ్యి" అన్నాడు. "నా భుజం దాకా వచ్చేది, అప్పుడు నాకు ఐదేళ్లు. అడుగున పెంకులు. బోర్లించి, ఒకదాని పక్కన ఒకటి. నీళ్లు దాని కింద నుంచి పోవాలి. పైన చిన్న ముక్కలు, అవి నేను అందించేవాణ్ణి. ఆ పైన మట్టి. గాడిద పేరు రాణి. నన్ను పెంకుల మీద కూర్చోబెట్టి బండి తోలుకొచ్చేవాడు నాన్న. రెండు రోజులు కూర్చోలేకపోయాను, అంత గుచ్చుకున్నాయి."

ఎర్సీలియా కళ్లజోడు తీసింది.

"నీకు గుర్తుందా?"

ఓరెస్తె ఆమె వైపు చూడలేదు.

"ముందు సరదాకే అన్నాను. బార్‌లో అందరూ నవ్వారు. మళ్లీ చెప్పమన్నారు. ముప్పై ఏళ్లు చెప్పాక, బండి మీద కూర్చున్నదే కలేమో, స్నానాల గదే నిజమేమో అనిపించింది."

తోట దాకా ఇంకా నూరడుగులు. ఈసారి ఓరెస్తె ముందు నడిచాడు. రిబ్బన్ కట్టిన మొదటి చెట్టు దగ్గర, మొదలుకు కాస్త ఎడంగా, వేళ్లకు దెబ్బ తగలకుండా ఎక్కడ తవ్వాలో కర్రతో చూపించాడు. డాక్టర్ తుల్లియా మోకాళ్ల మీద కూర్చుని తాపీతో మట్టి తీసింది. మోచేతి లోతున పెంకులు తగిలాయి. బోర్లించి, ఒకదాని పక్కన ఒకటి, ఎవరో పిల్లాడికి దుప్పటి సర్దినంత శ్రద్ధగా. రెండు పెంకుల మధ్య నొక్కుకుపోయి ఒక తుప్పు పట్టిన సార్డీన్ చేపల రేకు డబ్బా కనిపించింది.

డాక్టరు దాన్ని పైకెత్తి ఎండలో తిప్పి చూసింది.

"రోమన్లు చేపలు బాగా తినేవాళ్లు. రేకు డబ్బాలో మాత్రం కాదు."

"నాన్న మధ్యాహ్నం భోజనం అదే" అన్నాడు ఓరెస్తె. "ఒక డబ్బా ఇద్దరం తినేవాళ్లం."

తరువాత ఆమె రెండు చెట్ల నడుమ, సరిగ్గా మధ్యలో తవ్వింది. ఇంకో చోటా తవ్వింది. చేతి లోతు దాకా వట్టి బంకమట్టి. పెంకు లేదు, ఇటుక లేదు, బావమరిది లేడు.

ఆమె లేచి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, మొదటి చెట్టు రిబ్బన్ ముడి విప్పింది. నారింజ రంగు గుడ్డ చుట్ట చుట్టి జేబులో పెట్టుకుంది. రెండో చెట్టు దగ్గరికి వెళ్లి అదీ విప్పింది.

"ఇల్లు ఆ స్నానాల గదితో అయిపోయింది. అలాగే రాస్తాను. మీ కోతలు మీరు మొదలుపెట్టుకోండి."

ఎర్సీలియా గట్టు మీద కూర్చుండిపోయింది. ఏం చెయ్యాలో తోచక సంచి విప్పి రొట్టెలు తీసింది. ముందు డాక్టరుకు ఇచ్చింది. నెల్లో పిలవకుండానే వచ్చి అందుకున్నాడు. ఓరెస్తె తన రొట్టెను రెండు ముద్దల్లో తినేసి, ఇంకొకటి అడిగాడు. వారం రోజులకు మనిషి నమిలి తింటున్నాడు. నములుతూ, కాస్త ముఖం చిట్లించి, "ఉప్పు తగ్గింది" అన్నాడు. ఆ మాటకు తాను ఎంతగా మొహం వాచి ఉందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"ఏడేళ్ల కిందట ఆ ఉత్తరమే రాయకుండా ఉంటే" అంది డాక్టరు, రొట్టె తింటూ, "మనందరికీ ఈ వారం కలిసొచ్చేది."

ఓరెస్తె మెడ నిటారుగా అయింది. ఎర్సీలియా చూస్తూనే ఉంది, తప్పు ఎవరి మీద వాలుతుందా అని. పోస్టాఫీసు మీదా, చెప్పుల పెట్టె మీదా, లేక గాడిద మీదా?

"ఉత్తరంలో తప్పు లేదు" అన్నాడు ఓరెస్తె. "అప్పుడున్న సమాచారాన్ని బట్టి..."

అంతలో అతని చెయ్యి చెట్టు మొదలు మీద పడింది. తండ్రి నాటిన చెట్టు. వంకర తిరిగి, నడుం దగ్గర తొర్రపడి ఉంది. అక్కడే ఆగిపోయాడు. గొయ్యిలో పెంకుల మీద డాక్టరు తిరిగి పెట్టిన ఆ రేకు డబ్బా ఉంది. వంగడం కష్టమైనా, కర్ర ఊతంగా వంగి దాన్ని తీసుకున్నాడు. మట్టి దులిపాడు.

"నాన్నకు మతి తప్పలేదు" అన్నాడు మెల్లగా.

"ఊఁ" అంది ఎర్సీలియా.

"నువ్వు అప్పుడే చెప్పావు."

"చెప్పాను."

"నాది తప్పు."

గాలి వచ్చి ఆకులు ఒకసారి వెండి వైపుకు తిరిగి, మళ్లీ పచ్చవైపుకు తిరిగాయి. ఎర్సీలియా చేతిలోని రొట్టెను జాగ్రత్తగా కాగితంలో పెట్టింది. నలభై నాలుగేళ్లు ఎదురుచూసిన మాట ఇంత తొందరగా అయిపోతుందని ఆమె అనుకోలేదు.

"ఏమన్నాడు?" అని అరిచాడు నెల్లో, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "ఏమంటున్నాడు వాడు?"

ఎర్సీలియా భర్తకేసి చూసింది. ఎంతో ప్రేమగానే చూసింది.

"పాపం, నెల్లోకి వినపడలేదట, ఓరెస్తె."

ఓరెస్తె ఆమెను చూశాడు. డబ్బాను చూశాడు. ఊపిరి నిండా పీల్చుకుని, బార్ దాకా వినిపించేటంత గట్టిగా అరిచాడు.

"తప్పు నాదిరా! నాదే!"